10,000 రూపాయలతో క్రిప్టో ట్రేడింగ్: ముందు నిలబడదాం, సంపాదన తర్వాత

ఈ మధ్య ఎక్కడికెళ్లినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, నా దగ్గర 10,000 ఉన్నాయి, క్రిప్టోలో ట్రేడ్ చేస్తే ఎంత వస్తుంది?" నేను తిరిగి ఒకటే అడుగుతా. "అందులో ఎంత పోయినా నీకు నిద్ర పడుతుంది తమ్ముడూ?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఒకప్పుడు నా దగ్గర కూడా లేదు. ఆ జవాబు ఎలా లెక్క కట్టాలో ఈరోజు చెప్పుకుందాం.

ముందు నా సంగతి. 2021 నవంబర్‌లో బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దగ్గరికి వెళ్లింది. అప్పుడు నేను బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆ నెలాఖరులో మెస్ బిల్లుకని అమ్మ పంపిన 8,000 తీసుకెళ్లి ఒక యాప్‌లో వేశాను. ఫ్యూచర్స్‌లో 10 రెట్ల లెవరేజ్ పెట్టి బిట్‌కాయిన్ కొన్నాను. చేతిలో ఉన్నది 8,000, ఆడుతున్నది 80,000తో అన్నమాట.

డిసెంబర్ 4, శనివారం. టిఫిన్ చేసి రూమ్‌కొచ్చి ఫోన్ తీస్తే బ్యాలెన్స్ దాదాపు సున్నా. ఆ రోజు బిట్‌కాయిన్ ఒక దశలో 20 శాతం దాకా పడింది. 10 రెట్ల లెవరేజ్‌లో ధర 10 శాతం పడేలోపే మన డబ్బు లిక్విడేట్ అయిపోతుంది. అదే రోజు ధర మళ్లీ కొంత లేచింది. కానీ అప్పటికే నేను ఆటలో లేను. మెస్ బిల్లు నా రూమ్మేట్ కట్టాడు. అమ్మకి ఈ విషయం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

అందుకే నా మొదటి రూల్: ఫీజు, రెంట్, అప్పు తెచ్చిన డబ్బు ఇందులోకి రాకూడదు. రెండో రూల్: లెవరేజ్ ముట్టుకోకూడదు.

ఇక అసలు లెక్క. ఒక ట్రేడ్‌లో పోగొట్టుకోడానికి సిద్ధపడేది మొత్తం డబ్బులో 2 శాతమే. 10,000కి 200. ఎందుకు 2 శాతమే? వరసగా 10 ట్రేడ్‌లు పోయాయి అనుకోండి, ఎవరికైనా పోతాయి. ప్రతిసారీ ఉన్నదాంట్లో 2 శాతం పోతే చివరికి దాదాపు 8,170 మిగులుతుంది. అదే ప్రతిసారీ 20 శాతం పోతే మిగిలేది 1,070 చిల్లర. 8,170 నుంచి మళ్లీ 10,000కి రావాలంటే 22 శాతం పెరిగితే చాలు. 1,070 నుంచి రావాలంటే ఆ డబ్బు తొమ్మిది రెట్లకు పైగా అవ్వాలి. అది ఎప్పటికి అవుతుంది చెప్పండి?

ఇక్కడ చాలామంది పొరపడతారు. 200 రిస్క్ అంటే 200కే కొనమని కాదు. మీ స్టాప్ లాస్ కొన్న ధరకి 5 శాతం కింద ఉంటే 4,000కి కొనొచ్చు. ఎందుకంటే 4,000లో 5 శాతం 200. స్టాప్ లాస్ 10 శాతం కింద ఉంటే 2,000కే కొనాలి. ముందు స్టాప్ లాస్ ఎక్కడో చూసుకోవాలి, ఆ తర్వాతే ఎంతకి కొనాలో తేల్చాలి. ఒకసారి పెట్టిన స్టాప్ లాస్‌ని కిందికి జరపకూడదు.

"పడింది కదా, చవగ్గా వస్తోంది, ఇంకొంచెం కొందాం" అనిపిస్తుంది. 2022 మేలో లూనా కొన్నవాళ్లకీ అలాగే అనిపించింది. నెల మొదట్లో 80 డాలర్ల దగ్గరున్న కాయిన్, నెల మధ్యకి వచ్చేసరికి పైసా విలువ కూడా చెయ్యలేదు. సగానికి పడ్డప్పుడు కొన్నవాళ్లది కూడా మొత్తం పోయింది. ఇంకో సంగతి, కొనేవాళ్లు తక్కువున్న చిన్న కాయిన్లలో ధర ఒక్కసారిగా జారితే స్టాప్ లాస్ మనం పెట్టిన ధరకి పని చెయ్యకపోవచ్చు. అందుకే నేను బిట్‌కాయిన్, ఈథర్ దాటి వెళ్లను.

ఇప్పుడు చాలా వీడియోల్లో చెప్పని విషయం, ట్యాక్స్. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి లేదు. ఇది ఎంత దెబ్బ కొడుతుందో చూడండి.

బిట్‌కాయిన్‌లో 5 ట్రేడ్‌లు గెలిచారు, ఒక్కోదానికి 300 చొప్పున 1,500 లాభం. ఈథర్‌లో 5 ఓడిపోయారు, ఒక్కోదానికి 200 చొప్పున 1,000 నష్టం. మీ లెక్కలో 500 మిగిలింది. ప్రభుత్వం లెక్కలో మాత్రం లాభం 1,500. పన్ను 450, సెస్ 18, మొత్తం 468. మీ చేతికొచ్చేది 32 రూపాయలు! యాప్ ఫీజులు కలిపితే ఆ 32 కూడా అనుమానమే.

దీనికి తోడు 2022 జులై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్ ఉంది. లాభమొచ్చినా నష్టమొచ్చినా కట్ అవుతుంది. 4,000 చొప్పున 30 సార్లు అమ్మితే 1,200 అక్కడ ఇరుక్కుపోతుంది. రిటర్న్ వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. కానీ అప్పటిదాకా ట్రేడింగ్‌కి పనికి రాదు. 10,000లో 1,200 అంటే చిన్న విషయం కాదు కదా!

అంటే రోజూ ట్రేడ్ చేసేవాడికి మార్కెట్ కంటే ముందు ఈ లెక్కే ఎసరు పెడుతుంది. నేను ఇప్పుడు నెలకి మూడు, నాలుగు ట్రేడ్‌లు దాటను. 200 రిస్క్ పెడితే కనీసం 400 వచ్చే అవకాశం కనబడాలి, లేదంటే ఊరుకుంటాను. రెండు ట్రేడ్‌లు వరసగా పోతే ఆ వారానికి యాప్ తెరవను. పోయిన డబ్బు ఈరోజే రాబట్టాలన్న కసి వచ్చినప్పుడే మిగతాది కూడా పోతుంది.

చివరిగా, ఒక నోట్‌బుక్ కొనండి. ప్రతి ట్రేడ్‌కీ ముందే నాలుగు ముక్కలు రాయండి: ఎందుకు కొంటున్నాను, ఎంతకి, స్టాప్ లాస్ ఎక్కడ, ఎక్కడ అమ్ముతాను. మొదటి నెల అసలు డబ్బు పెట్టకుండా కాగితం మీదే ఆడండి. "గ్యారంటీగా నెలకి డబుల్" అని టెలిగ్రామ్‌లో ఎవడైనా పిలిస్తే వెంటనే బ్లాక్ చెయ్యండి.

10,000తో ఇల్లు గడవదు ఫ్రెండ్స్, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ ఏడాది తర్వాత కూడా అందులో 8,000 మీ దగ్గరుండి, నోట్‌బుక్ నిండా మీ తప్పులు మీ చేతిరాతలో ఉంటే, ఆ 2,000 ఫీజు కట్టి చదువుకున్నట్టే. నేను 8,000 కట్టాను, అదీ అమ్మ డబ్బు. మీరు అంత కట్టొద్దు. మళ్లీ కలుద్దాం, ఉంటాను.