రెండు రంగులు.. ఒక వృత్తం.. 12 ఏళ్లు!
గ్రీన్‌లాండ్ జెండా కథలో మీ ఇంటర్వ్యూకి పనికొచ్చే పాఠాలు

‘మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి’ అనగానే గడగడా చెప్పేస్తారు. వెంటనే ‘ఇలాగే ఎందుకు చేశారు? వేరేలా చేయొచ్చు కదా?’ అని అడిగితే? చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఏం చేశామో చెప్పడం తేలిక. ఎందుకు చేశామో చెప్పాలంటే ఆ పని మనదై ఉండాలి. ఈ తేడా బాగా అర్థం కావాలంటే ఒక జెండా కథ చదవండి. యూఐ డిజైన్, ఫ్రంటెండ్, ప్రొడక్ట్ ఉద్యోగాల వైపు చూస్తున్నవాళ్లకి ఇది మంచి కేస్ స్టడీ. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకీ పనికొస్తుంది. ఈమధ్య గ్రీన్‌లాండ్ పేరు వార్తల్లో తరచూ వినిపిస్తోంది కదా!

అసలు అవసరం ఎక్కడ పుట్టింది?

గ్రీన్‌లాండ్ ప్రపంచంలోనే అతి పెద్ద ద్వీపం. విస్తీర్ణం సుమారు 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో దాదాపు మూడింట రెండొంతులు. జనాభా మాత్రం 60 వేలు కూడా లేదు. డెన్మార్క్ రాజ్యంలో భాగంగా ఉన్న స్వయంపాలిత ప్రాంతం అది. చాలాకాలం అక్కడ ఎగిరింది డెన్మార్క్ జెండానే. ఎర్రటి గుడ్డ మీద తెల్లటి క్రాస్ ఉండే ఆ జెండా పేరు డానెబ్రోగ్.

1973లో డెన్మార్క్ అప్పటి యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. గ్రీన్‌లాండ్ ఓటర్లలో ఎక్కువమంది వద్దన్నా, డెన్మార్క్‌తో పాటు వాళ్లూ వెళ్లక తప్పలేదు. మా సంగతి మేమే చూసుకోవాలన్న ఆలోచన అక్కడ బలపడింది. అదే ఏడాది అయిదుగురు గ్రీన్‌లాండ్ వాసులు ఆకుపచ్చ, తెలుపు, నీలం రంగులతో సొంత జెండా ఒకటి ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ఒక పత్రిక 11 డిజైన్లు ముందుపెట్టి జనాన్ని ఓటు అడిగింది. ఏది గెలిచిందో తెలుసా? కొత్తవేవీ కాదు, పాత డానెబ్రోగే!

ప్రొడక్ట్ టీముల్లో పనిచేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన పరిస్థితే. కొత్తది చూపిస్తే యూజర్లు ‘పాతదే బాగుంది’ అంటారు. అంటే అవసరం లేదని కాదు, చూపించినవి ఇంకా మనసుకు పట్టలేదని.

555 ఎంట్రీలు.. అయినా తేలలేదు

1979 మే 1న గ్రీన్‌లాండ్‌కి హోమ్ రూల్ అమల్లోకి వచ్చింది. సొంత ప్రభుత్వం ఏర్పడింది, సొంత జెండా ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఈసారి అధికారికంగా డిజైన్లు ఆహ్వానిస్తే 555 వచ్చాయి. వాటిలో 293 గ్రీన్‌లాండ్ వాళ్లు పంపినవే. అన్నీ చూసిన కమిటీ ఏకాభిప్రాయానికి రాలేక, మళ్లీ డిజైన్లు అడిగింది.

చివరికి గట్టి పోటీ రెండింటి మధ్య మిగిలింది. ఒకటి ఆకుపచ్చ, తెలుపు రంగుల నార్డిక్ క్రాస్. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్.. చుట్టూ అందరిదీ ఆ క్రాస్ నమూనానే. రెండోది థూ క్రిస్టియన్‌సెన్ గీసిన ఎరుపు, తెలుపు జెండా. ఆయన ఉపాధ్యాయుడు, రాజకీయ నాయకుడు కూడా. ఓటింగ్‌లో ఆయన డిజైన్‌కి 14, రెండోదానికి 11 ఓట్లు పడ్డాయి. 1985 జూన్ 21న ఆ జెండాను అధికారికంగా స్వీకరించారు. అదే ఏడాది ఫిబ్రవరి 1న గ్రీన్‌లాండ్ యూరోపియన్ ఆర్థిక సమాజం నుంచి బయటికొచ్చింది కూడా. ఏడాదిలో పగలు ఎక్కువుండే జూన్ 21 ఇప్పుడు వాళ్ల జాతీయ దినోత్సవం. స్థానిక భాషలో జెండా పేరు ‘ఎర్‌ఫలసోర్పుట్’, అంటే ‘మన జెండా’.

ప్రతి ముక్కకీ ఓ కారణం

జెండాని అడ్డంగా రెండు సమాన భాగాలు చేశారు. పైన తెలుపు, కింద ఎరుపు. మధ్య గీత మీద ఒక వృత్తం. అందులో పై సగం ఎరుపు, కింది సగం తెలుపు. అంతే! కానీ డిజైనర్ దగ్గర ప్రతిదానికీ జవాబుంది.

• పైన తెలుపు: ద్వీపంలో 80 శాతం దాకా కప్పేసిన మంచు
• కింద ఎరుపు: సముద్రం
• ఎర్ర అర్ధవృత్తం: సముద్రంలోకి సగం దిగిన సూర్యుడు
• తెల్ల అర్ధవృత్తం: నీళ్లలో తేలే మంచుకొండలు, మంచుపలకలు

రంగులు డెన్మార్క్ జెండావే, కాబట్టి పాత బంధం తెగలేదు. క్రాస్ తీసేశారు, కాబట్టి సొంత గుర్తింపు వచ్చింది. రెండు వర్గాలకూ సమాధానం చెప్పే డిజైన్ ఇది. జెండాల రూపకల్పనపై టెడ్ కే రాసిన చిన్న పుస్తకం ‘గుడ్ ఫ్లాగ్, బ్యాడ్ ఫ్లాగ్’ అయిదు సూత్రాలు చెబుతుంది: సరళంగా ఉండాలి, అర్థం ఉండాలి, రెండు మూడు రంగులే వాడాలి, అక్షరాలూ ముద్రలూ వద్దు, ప్రత్యేకంగా ఉండాలి లేదా బంధుత్వం చూపాలి. ఈ జెండా ఆఖరి సూత్రంలో రెండు పనులూ ఒకేసారి చేసింది.

ఇంకో సూక్ష్మం గమనించండి. వృత్తం సరిగ్గా మధ్యలో ఉండదు, కర్ర వైపు కాస్త జరిగి ఉంటుంది. బంగ్లాదేశ్ జెండాలోనూ అంతే. గుడ్డ గాలికి ఎగిరేటప్పుడు చివరి భాగం ముడతలు పడి పొట్టిగా కనిపిస్తుంది. వృత్తాన్ని కాస్త కర్ర వైపు జరిపితేనే అది ఎగురుతున్నప్పుడు మధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది. స్క్రీన్ మీద కొలతల్లో బాగున్నది వాడుకలో బాగుండకపోవచ్చన్నమాట.

‘ఇది మా జెండాలా ఉందే!’

కొత్త జెండా వచ్చాక ఒక విచిత్రం బయటపడింది. డెన్మార్క్‌లోని హెచ్‌ఈఐ రోస్పోర్ట్ అనే రోయింగ్ క్లబ్ జెండా మీదా అచ్చం ఇదే నమూనా! క్లబ్ అంతకుముందు నుంచే ఉంది. కాపీనో, యాదృచ్ఛికమో తేలలేదు. చివరికి గ్రీన్‌లాండ్ ఆ జెండా వాడుకోవడానికి క్లబ్ అనుమతి ఇచ్చింది.

సరళమైన డిజైన్‌కి ఉన్న ప్రమాదం ఇదే, ఇంకొకరికీ అదే తట్టొచ్చు. అందుకే పోర్ట్‌ఫోలియోలో పెట్టేముందు లోగోనైనా యాప్ స్క్రీన్‌నైనా ఒకసారి ఇమేజ్ సెర్చ్ చేయండి. మీ స్కెచ్‌లు, మధ్యలో వదిలేసిన వెర్షన్లు తేదీలతో దాచుకోండి. గిట్‌హబ్‌లో అయితే కమిట్లే సాక్ష్యం. ఎక్కడి నుంచో దించిన ప్రాజెక్టుకి ఈ చరిత్ర ఉండదు, రెండో ప్రశ్నకే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఈ వారం చేసి చూడండి

డిజైన్ డిగ్రీ లేదు, ఫిగ్మా రాదు అని వెనకాడొద్దు. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలు.

1. 18 వెడల్పు, 12 ఎత్తు ఉన్న ఎస్‌వీజీ కాన్వాస్ తీసుకోండి. పై 6 భాగాలు తెలుపు, కింది 6 ఎరుపు.
2. ఎడమ నుంచి 7, పై నుంచి 6 దగ్గర కేంద్రం పెట్టి, 4 వ్యాసార్ధంతో వృత్తం గీయండి. పై సగం ఎరుపు, కింది సగం తెలుపు. వృత్తానికి ఎడమ పక్క 3, కుడి పక్క 7 భాగాలు మిగిలితే లెక్క సరిపోయినట్టే.
3. దాన్ని మొబైల్ ఐకాన్ సైజుకి తగ్గించండి. ఇంకా గుర్తుపట్టగలుగుతున్నారా?
4. ఇప్పుడు మీ కాలేజీ ఫెస్ట్‌కో, మీ ఊరికో రెండే రంగులతో ఒక జెండా గీయండి. ప్రతి ముక్క పక్కన ‘ఎందుకు’ అని ఒక్క వాక్యం రాయండి.
5. ఫ్రెండ్స్‌కి చూపించండి. అర్థం మీరు చెప్పకముందు వాళ్లకేం అనిపించిందో రాసుకోండి. నచ్చలేదంటే మళ్లీ గీయండి.

ఆ స్కెచ్‌లు, కారణాలు, మార్పులు కలిపి ఒక పేజీ చేస్తే అదే మీ మొదటి కేస్ స్టడీ. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. 14-11తో ఓడిన డిజైన్ కూడా చివరిదాకా వచ్చినదే. ఎక్కడైనా మీ పని ఎంపిక కాకపోతే చెత్తబుట్టలో పడేయకండి. దాని వెనక కారణాలు మీకు తెలిసినంతవరకు, తర్వాతి ఇంటర్వ్యూలో చూపించడానికి మీ దగ్గర ఒక ప్రాజెక్ట్ ఉన్నట్టే.