నరికే ముందు ఒక్క వేసవి ఆగండి



మన పల్లెలకు శ్రమల దినములు, ఎండలు కలిసే వస్తాయి. భస్మ బుధవారమునాడు తెల్లవారుజామున ఇంకా కాస్త చలి ఉంటుంది. మట్టల ఆదివారము వచ్చేసరికి బోరింగు దగ్గర బిందెల వరుస మొదలవుతుంది. సరిగ్గా ఆ నడిమి రోజులలోనే మనము పెరటిని వదిలివేస్తాము. “ఈ ఎండకు ఏం బతుకుతుందిలే” అనుకుంటాము. నెల తిరిగేసరికి బెండకాయలు, బీరకాయలు సంతలో కొనుక్కుంటాము. నేనును ఆలాగే అన్నవాడనే. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ఇప్పుడున్న సంఘమునకు వచ్చినప్పుడు పాస్టరు ఇంటి వెనుక ఆరేడేళ్ల నిమ్మచెట్టు ఒకటి ఉన్నది. మూడు వేసవులు చూశాను. పూత వచ్చేది, పిందె రాలిపోయేది, ఆకు పసుపుబారేది. మూడవ యేడు మార్చి నెలలో గొడ్డలి తెప్పించాను. అదే వారము నా బల్లమీద ఒక జాబితా కూడ ఉన్నది. మూడేళ్లుగా ఆరాధనకు రానివారి పేర్లు సభ్యుల పుస్తకములో నుండి తీసివేయవలెనని కమిటీ అనుకున్నది. అందులో ఒక యౌవనస్థుని పేరున్నది. అతని తండ్రి మా సంఘ పెద్దలలో ఒకరు. వయసులో ఉండగా గూడూరు వైపు నిమ్మతోటలలో పని చేసిన మనిషి.

గొడ్డలి సంగతి తెలిసి ఆ సాయంకాలము ఆయన మా పెరట్లోనికి వచ్చారు. చెట్టు మొదలు చేతితో తడిమి చూశారు. బెరడు పగిలి బంక కారుచున్నది. “అయ్యగారూ, తప్పు చెట్టుది కాదండి, మన నీళ్లది. స్నానాల గది నీళ్లన్నీ మొదట్లోనే నిలుస్తున్నాయి. ఒక్క యేడు ఆగండి. నేను చూసుకుంటాను” అన్నారు.

ముందు ఆదివారమే నేను లూకా 13వ అధ్యాయములోని అంజూరపు చెట్టును గూర్చి ప్రసంగించి ఉన్నాను. మూడేండ్లు ఫలములు వెదకి విసిగిన యజమానుని ఎదుట తోటమాలి ఒక్క యేడు గడువు అడిగాడు. ఊరక అడుగలేదు. త్రవ్వుతానన్నాడు, ఎరువు వేస్తానన్నాడు. ఆ మాట పులపీటము మీద చెప్పిన నేను, పెరట్లో గొడ్డలి పట్టుకొని నిలబడ్డాను. నాకు సిగ్గు కలిగింది.

ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నవి, తరువాత మేము చేసి చూచినవి మీ కొరకు వ్రాయుచున్నాను.

1. పాది సరిచేయండి

నీరు త్రాగే సన్నని వేళ్లు చెట్టు మొదట్లో ఉండవు. కొమ్మల అంచు నీడ పడేచోట ఉంటాయి. కాబట్టి మొదలు చుట్టూ మట్టి ఎగదోసి చిన్న దిబ్బ చేయండి. దానికి బయట వలయముగా పాది తీసి అందులో నీరు పెట్టండి. నిమ్మకు, బత్తాయికి ఇది మరీ ముఖ్యము. లోతుగా త్రవ్వి వేళ్లు తెగనీయవద్దు. పైపైన గుల్ల చేస్తే చాలును.

బంక కారేచోట చెడిన బెరడును గీకివేసి బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తము అర లీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నము మరో అర లీటరు నీటిలోను విడివిడిగా కలిపి, తరువాత రెండూ ఒకచోట పోసి కలపండి. మట్టి పాత్ర గాని ప్లాస్టిక్ పాత్ర గాని వాడండి. ఇనుపది పనికిరాదు. మైలుతుత్తము విషము, పిల్లలకు అందనివ్వవద్దు.

2. చివికిన ఎరువే వేయండి

పచ్చిపేడ వేసవిలో వేస్తే వేడికి వేళ్లు దెబ్బ తింటాయి. నల్లగా చివికి, వాసన పోయిన ఎరువు వేసి మట్టిలో కలిపి తడి పెట్టండి. యూరియా ఎక్కువ వేస్తే చెట్టు తొందరగా పెరుగుతుందనుకోవద్దు. ఎండిన నేలలో అది మొక్కను మాడ్చివేస్తుంది.

3. నేలకు దుప్పటి కప్పండి

ఎండుటాకులు, వరిగడ్డి, చెరకు ఆకు, ఏది దొరికితే అది పాదిలో నాలుగు వ్రేళ్ల మందము పరచండి. మొదలుకు మాత్రము తగలకుండా చూడండి. తడి ఆరదు, కలుపు రాదు, చివికిన తరువాత అదే ఎరువు. ఆకులు ఊడ్చి తగులబెట్టే ఇల్లు, తన ఎరువును తానే కాల్చుకున్నట్లు.

మట్టల ఆదివారము గుడికి తెచ్చిన మట్టలను కూడ పారవేయవద్దు. లేత నారుకు పడమటి వైపున నిలబెట్టండి. మధ్యాహ్నపు ఎండ కాస్తుంది.

4. ఒక బిందె, రెండు పనులు

బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు ఆకుకూరలకు పోయండి. స్నానపు నీరు చిన్న కాలువ తీసి అరటికి, కొబ్బరికి మళ్లించండి. బట్టల సోడా నీరు మాత్రము కూరమడులకు పోయవద్దు. తెల్లవారక ముందు గాని ప్రొద్దు వాలిన తరువాత గాని తడపండి. మిట్టమధ్యాహ్నము పోసిన నీరు ఎండ పాలవుతుంది. రోజూ పైపైన చిలకరించుటకంటె, రోజు విడిచి రోజు వేళ్లదాక దిగేటట్లు పెట్టుట పెద్ద మొక్కలకు మేలు.

పాత మట్టికుండ ఉంటే మెడ వరకు పాతిపెట్టి, నీళ్లు నింపి మూత పెట్టండి. చుట్టూ నాలుగు ఆనప గింజలో దోస గింజలో పెట్టండి. కుండ చెమర్చిన తడితోనే పాదు పాకుతుంది.

ఇక్కడ మగవారికి ఒక మాట. ఆ నీళ్లు మోసేది మన ఇంటి ఆడవారు. తోట నాది అని చెప్పుకునే ముందు రోజుకు రెండు బిందెలైనా మోయండి.

5. ఇప్పుడు విత్తవలసినవి

బెండ, గోరుచిక్కుడు, దోస, బీర, తోటకూర, గోంగూర వేయవచ్చును. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, వరుసకు వరుసకు మూర దూరము, మొక్కకు మొక్కకు జానెడు దూరము పెట్టండి. నెలన్నర దాటగానే కాయలు కోయవచ్చును. తోటకూర గింజను ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు. నెల తిరగకముందే కూరకు వస్తుంది.

బెండ ఆకుల ఈనెలు పసుపుబారితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ దానిని మొక్కనుండి మొక్కకు మోస్తుంది. దీనికి మందు లేదు. ఆ మొక్కను వెంటనే పీకి పూడ్చండి. అర్క అనామిక వంటి రకములు ఈ తెగులును కొంత తట్టుకుంటాయి. దోమకు వేపగింజల కషాయము మంచిది. లీటరు నీటికి 50 గ్రాముల గింజల పొడి చొప్పున రాత్రి నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు నీరు కలిపి సాయంకాలము చల్లండి.

ఇవన్నీ ఖర్చు లేని పనులే. అయితే రోజూ పోయి చూడవలెను.

ఇక ఆ జాబితా సంగతి. ఆ పెద్దాయన నెలరోజులు మా చెట్టు చుట్టూ పని చేశారు. తన కుమారుని గూర్చి ఒక్కమాటైనా అడుగలేదు. నేనే నన్ను అడుగుకొన్నాను: మూడేండ్లలో ఆ అబ్బాయి దగ్గరకు ఎన్నిసార్లు వెళ్లాను? ఒక్కసారి కూడ లేదు. పులపీటము మీదనుండి నీళ్లు పోశాను, అవి వేళ్లదాక వెళ్లినవా అని చూడలేదు. ఆ జాబితా కమిటీ ముందు పెట్టలేదు. “ముందు ఇండ్లకు వెళ్లుదము” అని చెప్పి, అతడు పని చేసే లారీ షెడ్డుకు వెళ్లాను. మొదటిసారి అతడు తల ఎత్తలేదు. నాల్గవసారి టీ తెప్పించాడు.

మరుసటి వేసవి చెట్టుకు నలభై కాయలకు తక్కువ కాకుండ నిలిచినవి. ఆ అబ్బాయి ప్రతి ఆదివారము వస్తున్నాడని చెప్పలేను. ఈస్టరు తెల్లవారుజామున మాత్రము సమాధుల దొడ్డిలో వెనుక వరుసలో నిలబడి ఉండగా చూచాను. అతని తండ్రి కూడ చూచారు. ఇద్దరమూ ఏమీ అనలేదు.

అంజూరపు చెట్టు ఆ మరుసటి యేడు కాచినదో లేదో ప్రభువు చెప్పలేదు. తోటమాలి చేయవలసిన పని మాత్రము చెప్పాడు. పునరుత్థాన ఉదయమున మగ్దలేనే మరియ ఆయనను చూచి తోటమాలి అనుకొన్నదని యోహాను వ్రాశాడు. ఆమె పొరబడినదని అంటాము గాని, మన విషయములో ఆ పేరు ఆయనకు తగినదే.

ఈ సాయంకాలము ప్రొద్దు వాలిన తరువాత పార తీసికొని పెరట్లోనికి వెళ్లండి. మీరు వదిలివేసిన మొక్క ఏదో చూడండి. అటు తరువాత, వదిలివేసిన మనిషి ఎవరో కూడ తలంచుకొనండి.

ప్రభువు మీ ఇంటిని, మీ పెరటిని దీవించును గాక. ఆమేన్.