నిండిన సరస్సు నీళ్లు తాగొద్దని ఎందుకు అన్నారు?

చెరువు నిండితే తాగునీటి బెంగ తీరినట్టే అనుకుంటాం. కానీ నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, ఎలా ఉన్నాయన్నది మరో లెక్క. 2014 ఆగస్టులో అమెరికాలోని ఈరీ సరస్సు నిండుగానే ఉంది. అయినా ఆ నీళ్లు వాడే టొలీడో ప్రాంతంలో 4 లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. దీనికి మూలం పొలాల్లో ఉంది. వసంతంలో వానలు దంచికొడితే ఎరువుల్లోని ఫాస్ఫరస్ మామీ నదిలో కొట్టుకొచ్చి సరస్సులో చేరుతుంది. సరస్సు పడమటి భాగం లోతు తక్కువ, ఎండకు త్వరగా వేడెక్కుతుంది. తిండీ వేడీ రెండూ దొరికితే సయనోబ్యాక్టీరియా నీటిమీద పచ్చటి మీగడలా పరుచుకుంటుంది. (చూడటానికి నాచులా ఉన్నా అది బ్యాక్టీరియానే.) అందులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2011లో భారీ వసంత వానల తర్వాత ఈ పచ్చదనం అప్పటికి రికార్డు స్థాయికి పెరిగింది.

అంత వాన కురిస్తే మురికి పలుచన కాదా? వాన శుభ్రమైనదే, కానీ అది నేలను కడిగిన నీళ్లే సరస్సుకు చేరతాయి. పోనీ, మరగబెడితే? క్రిములు చస్తాయి గానీ ఈ విషం విరగదు. పైగా నీరు ఆవిరై మిగిలింది మరింత చిక్కబడుతుంది. అందుకే టొలీడోలో మరగబెట్టొద్దని కూడా హెచ్చరించారు. అలాగని నేరమంతా వానదే అనలేం. పొలంలో అవసరానికి మించి ఎరువు లేకపోతే వాన మోసుకొచ్చేది అంత ఉండదు.