ఎనిమిది వాట్లు చాలునా?

ఒకప్పుడు కాకినాడ, విశాఖపట్టణ రేవులనుండి ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీలు మూటలు మోసిన రంగూను రేవుతీరముననే సేక్కాన్ అను పేట కలదు. ఆ నగరమధ్యమునందలి పాత మేడలలో వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ అయిన గదులే మెండు. అట్టి గదిలో బూరలుగల పెద్ద స్పీకర్లు నిలిపి, వానికి తగిన వాల్వు యాంప్లిఫయరు కొనదలచినవాడు దుకాణదారుని మొట్టమొదట “ఎన్ని వాట్లు?” అని యడుగును. నా యభిప్రాయమున అది చిట్టచివర అడుగవలసిన ప్రశ్న.

స్పీకరునకు 1 వాట్టు శక్తి నిచ్చి 1 మీటరు దూరమున కొలిచినచో వచ్చు ధ్వని ఎన్ని డెసిబెళ్లో, అదియే దాని సామర్థ్యమునకు గుర్తు. నేటి చిన్నపెట్టె స్పీకర్లకు అది సాధారణముగా 86, 88 ఉండగా, అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946 నుండి తయారుచేసి యమ్మిన, గదిమూలలో నిలుపవలసిన క్లిప్ష్‌హార్నునకు 105 వరకు తయారీదారులే చెప్పుదురు. ధ్వని 3 డెసిబెళ్లు పెరుగవలెనన్న శక్తి రెట్టింపు కావలెను గనుక, 88 గల స్పీకరు 16 వాట్లు మ్రింగి పలుకునంత గట్టిగా 100 గలది ఒక్క వాట్టుతోనే పలుకును. టాకీల తొలినాళ్లలో వాల్వుల శక్తి స్వల్పమగుటచేతనే సినిమాహాళ్లలో బూరలు వెలసినవి. 1938లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారు వెలువరించిన 300బి వాల్వు ఒంటిగా పనిచేయునప్పుడు సుమారు 8 వాట్లు, 2ఎ3 మూడున్నర వాట్లు మాత్రమే యిచ్చును. ఇంటి గదికి, ఇట్టి స్పీకర్లకు, అవి ధారాళముగా చాలును.

చిక్కు వేరొకచోట నున్నది. స్పీకరు గొంతు పెద్దదైనకొలది యాంప్లిఫయరులోని హమ్మింగును పెద్దదగును. 8 ఓముల స్పీకరు తీగెలపై ఒక్క మిల్లీవోల్టు రొద మిగిలినచో, 88 గల స్పీకరులో అది 19 డెసిబెళ్లై వీధిచప్పుళ్లలో కలిసిపోవును; 100 గలదానిలో 31 డెసిబెళ్లై, వీధి సద్దుమణిగిన రాత్రి వీణపాటకు శ్రుతి తప్పిన తంబురాయై వెంటబడును. కావున కొనువాడు పాట పెట్టించుటకు ముందే, శబ్దము పూర్తిగా తగ్గించి, బూరనోట చెవి యానించి వినవలెను. అచ్చట గుయ్యిమన్న యంత్రము ఎంత పేరుగలదైనను నాకు వలదు.

వాల్వుల పనితనమున సగము ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుదే. దాని వెనుక 4, 8, 16 ఓముల కొనలుండును. పాత సినిమాహాలు స్పీకర్లు తరచుగా 16 ఓములవి గనుక, ఆ కొన లేని యాంప్లిఫయరును విడిచిపెట్టుట మంచిది. స్పీకరు ఓములు స్వరస్వరమునకు మారుచుండును. 300బి, 2ఎ3 వంటి ట్రయోడు వాల్వులతో చేసిన, ఫీడ్‌బ్యాకు లేని యాంప్లిఫయరు ఆ మార్పులను పాటలోనికి తెచ్చును, మంద్రపు పట్టు సడలించును.

ఇక కరెంటు. మయన్మారులో అది 230 వోల్టులు. 117 వోల్టుల పాత అమెరికా యంత్రమునకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. పైగా ఒంటివాల్వు యంత్రము పాట ఉన్నను లేకున్నను ఒకేరీతిగా కరెంటు త్రాగును: రెండు స్పీకర్లకు ఎనిమిదేసి వాట్లిచ్చుటకు గోడనుండి సుమారు 100 వాట్లు లాగును. రంగూనులో కరెంటు పోవుట నిత్యకృత్యము గనుక, ఇన్వర్టరు బ్యాటరీపై వినువారు ఈ లెక్క ముందే వేసికొనవలెను. హెచ్చుతగ్గులకు ఫిలమెంట్లు త్వరగా అరుగకుండ స్టెబిలైజరును ఉంచుకొనవలెను. కరెంటు మరల వచ్చినప్పుడు, స్పీకరు తీగెలు ఊడియుండగా మాత్రము స్విచ్చి వేయరాదు. భారము లేని ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి చెలరేగి దాని చుట్టలే కాలిపోవచ్చును.