లెక్కింపబడని ఊపిరి

నర్సింగు విద్యాలయమున నడుగిడిన విద్యార్థులకు తొలిమాసములలోనే నేర్పబడు విద్య యొకటి కలదు. రోగి దేహోష్ణమును, నాడిని, శ్వాసమును, రక్తపుపోటును పరీక్షించి, ఆ ఫలితములను వేళతోకూడ కేస్ షీటులో వ్రాయుటయే యది. ప్రాణచిహ్నములని గ్రంథములును, వైటల్స్ అని వార్డులోనివారును వ్యవహరించు ఈ నాలుగింటిని గూర్చి జి.ఎన్.ఎం. పరీక్షలోనైనను, బి.యస్సీ. పరీక్షలోనైనను, పిమ్మట ఉద్యోగార్థులు వ్రాయు నార్‌సెట్ వంటి పోటీపరీక్షలలోనైనను ప్రశ్న రాకుండుట అరుదు. కావున విద్యార్థులు అంకెలను శ్రద్ధతో కంఠస్థము చేయుదురు: విశ్రాంతిగానున్న పెద్దవారి నాడి నిమిషమునకు 60 మొదలు 100 వఱకు, శ్వాసము 12 మొదలు 20 వఱకు, రక్తపుపోటు 120కి 80, దేహోష్ణము ఫారన్‌హీట్ మానమున 98.6 డిగ్రీల చేరువ. అయితే ఈ నాలుగింటిలో మూడింటికి సామాన్యపు వార్డులలోసయితము యంత్రములు తోడుపడుచుండగా, శ్వాసము మాత్రము నేటికిని మనుష్యనేత్రమునే నమ్ముకొని యున్నది. అందుచేతనే కాబోలు, అన్నిటికంటె ముందుగా కీడును సూచింపగల ఆ చిహ్నమే అన్నిటికంటె ఎక్కువగా ఉపేక్షింపబడుచున్నది. ఈ యుపేక్ష ప్రాణములకు ముప్పు తెచ్చునదని నా దృఢవిశ్వాసము.

కొలతసాధనముల చరిత్రను పరికించినచో దీనికి కారణము కొంత బోధపడును. నాడీపరీక్ష మన దేశమున చిరపరిచితమైనది. శార్ఙ్గధరసంహిత దానిని వర్ణించినది. తెలుగునాట ప్రసిద్ధికెక్కిన బసవరాజీయమున మొదటి ప్రకరణమే నాడీపరీక్షకు చోటిచ్చినది. కాని నాడీగతిని అంకెగా మార్చుటకు గడియారము కావలసివచ్చినది. ఇంగ్లండునందు సర్ జాన్ ఫ్లాయర్ అను వైద్యుడు సరిగా ఒక నిమిషము నడచెడి గడియారమును అందుకొఱకే చేయించి, 1707లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున కార్ల్ వుండర్లిక్ సుమారు 25,000 మంది రోగుల దేహోష్ణమును పరిశీలించి 1868లో తన ఫలితములను వెల్లడించినపుడు ఆయన వాడిన ఉష్ణమాపకము దాదాపు అడుగు పొడవుగలది. దానిని చంకలో పదునైదు ఇరువది నిమిషములు ఉంచవలసియుండెడిది. ఆ కాలముననే క్లిఫర్డ్ ఆల్‌బట్ అను ఆంగ్లవైద్యుడు ఆరంగుళముల థర్మామీటరును రూపొందించి, ఆ పనిని ఐదు నిమిషములకు తగ్గించెను. ఇక రక్తపుపోటును తొలుత కొలువబూనిన స్టీఫెన్ హేల్స్ గుఱ్ఱపు ధమనిలో గొట్టమునే దూర్పవలసివచ్చెను. 1896లో ఇటలీదేశీయుడైన రీవా రోచ్చి భుజమునకు పట్టీచుట్టి గాలి నింపు ఉపాయమును కనిపెట్టుటయు, 1905లో రష్యావైద్యుడు కొరొత్కోవ్ ఆ పట్టీక్రింద స్టెతస్కోపు నుంచి శబ్దములను వినుట నేర్పుటయు జరిగినపిమ్మటనే ఆ కొలత సర్వసులభమైనది.

ఇట్లు ఒక్కొక్క పరికరము వచ్చినకొలది ఒక్కొక్క చిహ్నమునకు గౌరవము హెచ్చినది. శ్వాసమునకు అట్టి ప్రత్యేకసాధన మేదియు వార్డులోనికి రాలేదు. అయినను కేవలము కన్నులతో చూచి వైద్యులు దానినుండి గ్రహించినది అల్పము కాదు. డబ్లిన్ నగరమున జాన్ చెయ్‌న్ 1818లోను, విలియం స్టోక్స్ 1854లోను వర్ణించిన శ్వాసగతి, క్రమముగా లోతై, క్రమముగా క్షీణించి, కొంతసేపు పూర్తిగా ఆగి, మరల మొదలగునది, వారిరువురి పేరను నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. మధుమేహము విషమించిన రోగులలో కనిపించు గంభీరమైన, విరామమెఱుగని శ్వాసమును 1874లో జర్మను వైద్యుడు కుస్‌మౌల్ వర్ణించెను. వీరికి ఉపకరించినది రోగి ప్రక్కన ఓపికతో నిలిచి చూచు చూపు. నర్సింగు విద్యకును పునాది యదియే. ఫ్లారెన్స్ నైటింగేల్ తన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథమున మొదటి ప్రకరణమును రోగి పీల్చు గాలికే కేటాయించి, రోగిని పరిశీలించుటను గూర్చి వేఱొక ప్రకరణమును వ్రాసినది.

ఇంతకును ఊపిరి ఎందుచేత అంత ముందుగా పలుకును? శ్వాసమును నడపు కేంద్రము మెదడు అడుగుభాగమున, వెన్నుపాముతో కలియుచోటనున్న మెడుల్లాలో నున్నది. ప్రాణవాయువు తగ్గినందుననే శ్వాసవేగము హెచ్చునని పెక్కుమంది తలంతురు గాని, సాధారణస్థితిలో ఆ కేంద్రమును అనుక్షణము శాసించునది రక్తములోని బొగ్గుపులుసు వాయువు. అది నీటిలో కరగినపుడు ఆమ్లము పుట్టును, ధమనీరక్తముయొక్క పి.హెచ్. 7.35కును 7.45కును నడుమ నిలువవలసియుండగా, ఆ యామ్లము కొంచెము పెరిగినను కేంద్రము మేల్కొని, ఊపిరిని త్వరపెట్టి, ఆ వాయువును వెలికి నెట్టించును. ప్రాణవాయువును కనిపెట్టియుండు కావలి వేఱుగా మెడలోని ధమనులవద్ద కలదు. దాని పనిని నిరూపించిన బెల్జియము శాస్త్రజ్ఞుడు హేమన్స్ కు 1938వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. కాని ప్రాణవాయువు గణనీయముగా పడిపోయినగాని ఆ కావలి గట్టిగా హెచ్చరింపదు.

దీనినిబట్టి విద్యార్థి గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. ఊపిరి హెచ్చినంతమాత్రమున దోషము ఊపిరితిత్తులలోనే యున్నదని తలంపరాదు. సూక్ష్మజీవుల విషము రక్తమున వ్యాపించినపుడు కణజాలమునకు ప్రాణవాయువు చాలక లాక్టిక్ ఆమ్లము పేరుకొనును; మధుమేహము విషమించినపుడు కీటోను ఆమ్లములు పెరుగును; మూత్రపిండములు పనిచేయనపుడు విసర్జింపవలసిన ఆమ్లములు నిలిచిపోవును; ఉదరమున రక్తము స్రవించుచున్నపుడు అవయవములకు రక్తము చాలకుండును. వీనిలో ఊపిరితిత్తులు నిర్దోషములైనను ఊపిరి త్వరపడును. ఏ మూలనుండి ఆపద వచ్చినను దాని పిలుపు ముందుగా చేరునది మెడుల్లాకే గనుక, శ్వాసగతి ఒక్క అవయవముయొక్క కాక యావద్దేహముయొక్క స్థితిని తెలుపునది.

సరిగా ఆ వేళనే రక్తపుపోటు మనలను మభ్యపెట్టును. రక్తస్రావము మొదలైన తొలిదశలో దేహము రక్తనాళములను బిగించి, గుండెవేగమును పెంచి, పోటును యథాస్థితియందే నిలుపుటకు యత్నించును. ఇంట బియ్యము నిండుకొనుచున్నను బంధువులకు లోటు తెలియనీయక నెట్టుకొనివచ్చు ఇల్లాలివలె దేహము ఉన్నదంతయు ఊడ్చిపెట్టువఱకు పైకి నిబ్బరముగనే కనిపించును. పోటు పడిపోవునాటికి ఆ యుపాయములన్నియు తీరిపోయియుండును. బి.పి. బాగున్నదిగదాయని ఊరటచెందిన నర్సు, ఆ రోగి ఉదయము 16 సార్లును, మధ్యాహ్నము 22 సార్లును, సాయంకాలము 28 సార్లును ఊపిరి తీయుచున్నాడని గమనించియున్నచో అమూల్యమైన కొన్ని గంటలు దక్కియుండెడివి. లండనునందలి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ప్రకటించిన ముందస్తు హెచ్చరికల పట్టికలో శ్వాసము నిమిషమునకు 25గాని అంతకు మించిగాని యున్నచో, లేక 8గాని అంతకు తక్కువగాని యున్నచో, ఆ యొక్క చిహ్నమునకే 3 మార్కులు వేసి, రోగిని వెంటనే వైద్యుడు చూడవలెనని నిర్దేశించుట ఈ కారణముచేతనే.

సంఖ్యతోపాటు లోతును గూడ చూడవలెననుటకు చిన్న గణితము చాలును. ఆరోగ్యవంతుడు ఒక్కొక్క ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్ల గాలిని పీల్చును. అందులో 150 మిల్లీలీటర్లు ముక్కు, కంఠనాళము మొదలైన దారులలోనే నిలిచిపోయి రక్తమునకు ఉపయోగపడవు. నిమిషమునకు 16 ఊపిరులు తీసినచో లోనికి పోయిన గాలి 8 లీటర్లు. ఊపిరితిత్తుల గాలిగూళ్లకు చేరినది 16 మారులు 350, అనగా 5.6 లీటర్లు. శస్త్రచికిత్స జరిగిన పొట్ట నొప్పి పెట్టుచున్నందున లోతుగా పీల్చలేని రోగి 250 మిల్లీలీటర్ల చొప్పున 32 సార్లు పీల్చెననుకొందము. మొత్తము మరల 8 లీటర్లే. కాని గాలిగూళ్లకు చేరినది 32 మారులు 100, అనగా 3.2 లీటర్లు మాత్రమే. శ్రమ రెట్టింపాయెను, ఫలము సగముకంటె కొంచెమే ఎక్కువగా మిగిలెను. శస్త్రచికిత్సానంతరము రోగిని దిండ్ల ఆధారమున కూర్చుండబెట్టి, గాయముపై దిండు అదిమిపట్టి దీర్ఘశ్వాసము తీయించుటను పాఠ్యగ్రంథములు అంతగా నొక్కి చెప్పుటకు మర్మ మిందున్నది.

ఇక గణనవిధానము. శ్వాసము మన అధీనములోనిదియు, కానిదియు. ఎవరైనను తన ఊపిరిని గమనించుచున్నారని తెలిసిన తత్క్షణమే మనుజుని శ్వాసగతి మాఱిపోవును. కావున అనుభవజ్ఞులైన సిస్టర్లు రోగి చేతిని అతని ఛాతీమీద అడ్డముగా ఉంచి, మణికట్టున నాడిని లెక్కించి, లెక్క ముగిసినను వ్రేళ్లు తీయక, నాడినే చూచుచున్నట్లు నిలిచి, ఛాతీ ఎగిసి అణగుటను ఒకటిగా లెక్కింతురు. నడచివచ్చిన రోగిని కొంతసేపు విశ్రమింపనీయవలెను. శ్వాసము క్రమముగా నున్నపుడు అర నిమిషము లెక్కించి రెట్టింపు చేయుట అంగీకృతమే. క్రమము తప్పినను, రోగి శిశువైనను, పూర్తి నిమిషము లెక్కింపవలసినదే. శిశువులలో కదలిక పొట్టయందు స్పష్టముగా కనిపించును. చిన్నపిల్లల న్యుమోనియాను గుర్తించుటకు ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు నెలలలోపు వయస్సున నిమిషమునకు 60, రెండు మొదలు పదునొకండు నెలలవఱకు 50, ఒకటి మొదలు ఐదేండ్లవఱకు 40 అను హద్దులను ఏర్పఱచినది. మన గ్రామములలో తల్లులు ‘బిడ్డకు డొక్కలెగురుచున్నవి’ అని పరుగున వచ్చినపుడు, వారు చెప్పునది ఈ శాస్త్రమే; ఆ మాటను ఎన్నడును తేలికగా తీసికొనరాదు.

వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు వచ్చినపిమ్మట ఈ లెక్కతో పనియేమియని కొందఱు విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ఆ సాధనము మేలైనదే. కోవిడ్ నాళ్లలో దాని విలువ ఇంటింట తెలిసినది. కాని అది చూపునది రక్తములోని ప్రాణవాయువు నిండుదనమును మాత్రమే. రోగి నిమిషమునకు 30 సార్లు ఎగఊపిరి తీయుచు తన నిండుదనమును 96వద్ద నిలుపుకొనుచుండవచ్చును. యంత్రమునకు ఆ 96 కనిపించును గాని, దానిని సంపాదించుటకు రోగి పడుచున్న పాటు కనిపింపదు. మార్ఫిను వంటి మందులవలన శ్వాసము మందగించినపుడు అంతకంటె ప్రమాదము. ఆక్సిజన్ పెట్టియున్న రోగి నిమిషమునకు ఏడెనిమిది సార్లే ఊపిరి తీయుచున్నను ఆక్సీమీటరు కొంతకాలము మంచి అంకెనే చూపును. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొని రోగి మగతలోనికి జాఱుచుండును. ‘మార్ఫిను ఇచ్చిన రోగికి శ్వాసము 8గా నున్నది, మొదట ఏమి చేయుదువు’ అను ప్రశ్న పరీక్షలలో తఱచుగా కనిపించుట సహేతుకము. తరువాతి మోతాదు నిలుపుట, రోగిని తట్టి లేపి ఊపిరి తీయించుట, ప్రక్కను వీడకయే వైద్యునకు కబురంపుట, ఆక్సిజనును, మార్ఫినుకు విరుగుడైన నలోక్సోనును సిద్ధపఱచుట: ఈ సమాధానమున ప్రతి యంశమునకును పైన చెప్పిన శరీరధర్మమే ఆధారము.

నర్సింగు సిద్ధాంతకర్త వర్జీనియా హెండర్సన్ మానవుని మౌలికావసరములను 14గా విభజించినపుడు సహజముగా ఊపిరి తీయుటనే ప్రథమముగా పేర్కొనినది. చరకుడు వైద్యమును నాలుగు పాదములుగా చెప్పుచు, భిషక్కు, ఔషధము, పరిచారకుడు, రోగి యని పరిచారకునకు ఔషధము సరసను స్థానమిచ్చి, ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము అతనికుండవలసిన గుణములనెను. ఈ గుణములన్నియు ఊపిరిని లెక్కించు ఆ యొక్క నిమిషమున పరీక్షకు వచ్చునని నాకు తోచును. నేటి పాఠ్యప్రణాళికలో నర్సింగ్ ప్రాసెస్ అను పేర చెప్పు ఐదు మెట్లు, అనగా పరిశీలన, నిర్ధారణ, ప్రణాళిక, ఆచరణ, ఫలితపరీక్ష, వీనిలో మొదటిదానియందు అసత్యము చొరబడినచో తక్కిన నాలుగును వ్యర్థములగును. చూడకయే కేస్ షీటు నిండ వరుసగా 18 అనియో 20 అనియో వ్రాయు అలవాటు పెక్కుదేశముల ఆసుపత్రులలో కనిపించినదే. ఆ 18 ఒక అబద్ధపు సాక్ష్యము. రాత్రి డ్యూటీకి వచ్చిన వైద్యుడు దానిని నమ్మి ఆ మంచమును దాటిపోవును.

అయితే నిందనంతయు నర్సుపై మోపుట ధర్మము కాదు. 40 మంది రోగులున్న వార్డున ఒక్కొక్కరికి నిండు నిమిషము కేటాయించినచో శ్వాసగణనమునకే 40 నిమిషములు పట్టును. ఇంజెక్షనులు, సెలైనులు, డ్రెస్సింగులు, రిజిస్టరులు వేఱుగా నున్నవి. ఒక్క సిస్టరును అన్ని మంచములకు నియమించి, ప్రతి అంకెయు సత్యముగా నుండవలెనని కోరు పరిపాలకులు ఈ లెక్కను గూడ వేసికొనవలెను. నర్సుల సంఖ్యను పెంచుట వారి మొదటి విధి. అది జరుగులోపల, ప్రతి వార్డుగోడపై సెకండ్ల ముల్లుగల గడియారము నొకటి రోగుల మంచములనుండి కనబడునట్లు పెట్టింపుడు. ప్రతి విద్యార్థినియు, విద్యార్థియు తమ సొంత గడియారముతోనే డ్యూటీకి రావలెను. లెక్కింపలేని నాడు కేస్ షీటులోని శ్వాసపు గడిని ఖాళీగా విడువవలెను గాని ఊహించి నింపరాదు.