పలక మార్చు వేళ

వెనుకటి బడిపిల్లవానికి పలక ఎప్పుడు మార్చవలెనను సందేహము కలుగలేదు. చేజారి పగిలినప్పుడు క్రొత్తది కొనుటయే గాని, పగులని పలకకు ముసలితనము లేదు. బొగ్గుపొడియు, ఆకుపసరును రుద్దిన మరల నల్లబడి, అన్న తరువాత తమ్మునికిని పనికివచ్చెడిది. నేటి పలక సంగతి వేరు. టాబ్లెట్టని పిలువబడు ఈ గాజుపలక పగులకయే పాతబడును. అద్దముపై గీత పడదు, వెలుగు తగ్గదు. అయినను ఒకనాడు పాఠము తెరువనని మొరాయించును. ఇంట ఇద్దరు పిల్లలను చదివించుకొను చిరుద్యోగికి క్రొత్తది కొనుటయా, మానుటయా అన్నది అల్పమైన ప్రశ్న కాదు. ఒక నెల జీతములో గణనీయమైన భాగము దానిపై ఆధారపడియున్నది.

ఈ ప్రశ్నకు హైదరాబాదుతో సన్నిహిత సంబంధము కలదు. విద్యార్థుల నిమిత్తము కేంద్రప్రభుత్వము 2011 అక్టోబరు 5న విడుదల చేసిన ‘ఆకాశ్’ టాబ్లెట్టును డేటావిండ్ సంస్థ రూపొందించినది. ఆ తొలి పలకలు కూర్చబడినది హైదరాబాదులోనే. ఆ సంస్థయే 2016లో శంషాబాదు విమానాశ్రయ ప్రాంతమున తయారీశాలను తెరచినది. విమానములెగురు చోటనే ఆకాశమును పెట్టెలకెత్తిరని చమత్కరింపవచ్చును గాని, అప్పటికి ఆకాశ్ అను పేరు మరుగున పడినది.

ఆ తొలి ఆకాశ్ చౌక పలకయే. దాని ప్రాసెసరు వేగము 366 మెగాహెర్ట్జులు, జ్ఞాపకశక్తి 256 మెగాబైట్లు. వీనిని మించిన లోపము తెరలో ఉండెను. ఆ తెర రెండు పొరలుగా ఉండి, పై పొర క్రింది పొరను తాకునట్లు నొక్కిననే పలికెడిది. మెల్లగా తాకిన చేతికి అది లొంగదు. 2012 నవంబరు 11న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆవిష్కరించిన ఆకాశ్-2లో ప్రాసెసరు వేగము ఒక గిగాహెర్ట్జునకు, జ్ఞాపకశక్తి 512 మెగాబైట్లకు పెరిగినవి. అంతకంటె ముఖ్యముగా, వ్రేలి స్పర్శనే విద్యుత్తు మార్పుగా గ్రహించు తెర వచ్చినది. విద్యార్థికి 1,130 రూపాయలకే అందింపవలెనని సంకల్పము. పదమూడు నెలలలో వచ్చిన ఈ మార్పు నిజముగా మార్పు. మొదటి దానిని పట్టుకొని విసిగిన విద్యార్థి రెండవదానిని కోరుటలో దుబారా ఏమియు లేదు.

నేడు ఏటేట వచ్చు క్రొత్త నమూనాలలో అటువంటి భేదము అరుదు. అంచు కొంచెము సన్నబడును, కెమెరా కొంచెము మెరుగుపడును. పుస్తకము చదువుటకు, పాఠము వినుటకు ఆ సన్నదనము వలన ఒరుగునది లేదు. అంగడివాడు మాత్రము దానినే మొదట చూపును!

పలకను నిజముగా ముసలిదానిని చేయునవి వేరు. బ్యాటరీ కొన్ని వందలసార్లు నిండి తరిగిన పిమ్మట దాని పట్టు సన్నగిల్లును. ఇది చికిత్స గల రోగమే. పెక్కు పలకలకు బ్యాటరీ మాత్రమే మార్పించుకొనవచ్చును. నిల్వచోటు నిండి వేగము మందగించిన, పాత చిత్రములను, పనికిరాని ఆప్‌లను తొలగించి చూడవలెను. చికిత్సకు లొంగనిది సాఫ్ట్‌వేర్ వార్ధక్యము. 2023 అక్టోబరు నుండి వాట్సాప్ పనిచేయుటకు ఆండ్రాయిడ్ 5.0 గాని, అంతకంటె క్రొత్తది గాని ఉండవలసివచ్చెను. ఆకాశ్-2లో ఉన్నది ఆండ్రాయిడ్ 4.0. గీత పడని ఆకాశ్-2 ఎవరి బీరువాలోనైనను ఉన్నచో, బడివారు వాట్సాప్‌లో పంపు పాఠము దానికి చేరదు. తయారీదారు భద్రతా నవీకరణములు ఆపివేసిన పలకపై బ్యాంకు వ్యవహారములు సాగించుటయు మంచిది కాదు. కనుక సెట్టింగులలో భద్రతా నవీకరణపు తేదీని చూచుట, అంగడి మెట్టెక్కుటకు ముందు చేయవలసిన పని.

2008 మార్చి 23న పౌర విమానములు బేగంపేట నుండి శంషాబాదునకు తరలినవి. బేగంపేట రన్‌వే అరిగిపోయి కాదు; చుట్టును నగరమల్లుకొనగా అది పెరుగుటకు చోటు లేకపోయెను. అయినను దానిని దున్నివేయలేదు. వైమానిక శిక్షణకు, వైమానిక ప్రదర్శనలకు అది పనికివచ్చుచునే యున్నది. నవీకరణములు నిలిచిన పలకకును ఇట్టి రెండవ కొలువు దొరకును. ఇంటర్నెట్టు తీసివేసి, నిఘంటువులు, కావ్యములు, పాఠ్యపుస్తకములు నింపి తమ్మునికో, బడి గ్రంథాలయమునకో ఇచ్చిన, అది మరికొన్నేండ్లు చదివించును.

బ్యాటరీ ఉబ్బి వెనుక మూత పైకి లేచినప్పుడు మాత్రము ఈ తర్కమంతయు పక్కన పెట్టవలెను. దెబ్బతిన్న లిథియం బ్యాటరీని విమానమెక్కింపరాదని నిబంధన కలదు. నిప్పు పుట్టు ప్రమాదము ఇంటను అంతే. దానిని మరల ఛార్జింగుకు పెట్టరాదు. పాత ఇనుపసామాను బండికిని వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనల ననుసరించి వాడి పారవేసిన పరికరములను శుద్ధికి చేర్పించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. అధికృత సేకరణ కేంద్రమునకు అప్పగించునంతవరకు పిల్లలకు అందని చోట, మండు వస్తువులకు దూరముగా ఉంచవలెను.