రెండో శనివారం బడి... ఒంటికి సెలవేది?

పండక్కో, వానకో మూతపడిన బడి ఆ పాఠాలను తర్వాత ఎలాగూ పూర్తి చేసుకుంటుంది. మరి ఆ పాఠాలు చెప్పే టీచర్లు కోల్పోయిన విశ్రాంతిని ఎప్పుడు పూడ్చుకోవాలి?

శుక్రవారం సాయంత్రం స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చిందనుకోండి: ‘రేపు రెండో శనివారమైనా స్కూలుంది. అందరు టీచర్లూ రావాలి’. మీరు చిల్కానగర్‌లోనో, నాచారంలోనో పాఠాలు చెప్పే టీచరైతే ఇది మీకు కొత్త కాదు. నానబెట్టాల్సిన బట్టలు, మార్కెట్ పని, పిల్లాడికి వేయించాల్సిన టీకా, అన్నీ ఆదివారానికి జరిగిపోతాయి. ఆదివారం పదో తరగతికి స్పెషల్ క్లాసు పెడితే అవి ఇంకో వారానికి జరుగుతాయి. పనులను వాయిదా వేసుకోవచ్చు గానీ, అలసటను వాయిదా వేయటం కుదరదు. చిక్కంతా అక్కడే.

సెలవు అప్పు... వసూలు ఇలా

విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం ఏడాదికి 1 నుంచి 5 తరగతులకు 200, 6 నుంచి 8 తరగతులకు 220 పని దినాలుండాలి. అనుకోకుండా బడులు మూతపడితే ఈ లెక్క తప్పుతుంది. 2019లో ఆర్టీసీ సమ్మె వేళ తెలంగాణలో దసరా సెలవులను అక్టోబరు 19 వరకు పొడిగించారు. 2022 జులైలో భారీ వర్షాలకు 11 నుంచి 16 దాకా బడులు తెరుచుకోలేదు. 2024లో జనవరి 1న సెలవిచ్చి, దానికి బదులుగా ఫిబ్రవరిలో రెండో శనివారాన్ని పని దినంగా ప్రకటించారు. పిల్లల చదువు దెబ్బతినకూడదంటే పాఠాలను ఎప్పుడో ఒకప్పుడు పూర్తి చేయాల్సిందే. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

ఈ పద్ధతి మనకొక్కరికే పరిమితం కాదు. చైనాలో పెద్ద పండుగలకు వారం రోజులు వరుసగా సెలవులిచ్చి, వాటిలో కొన్నింటిని ముందూ వెనకా వచ్చే శని, ఆదివారాల్లో పని చేయించి పూడ్చుకుంటారు. 2025లో అక్టోబరు 1 నుంచి 8 వరకు సెలవులిచ్చి సెప్టెంబరు 28 ఆదివారాన్ని, అక్టోబరు 11 శనివారాన్ని పని దినాలు చేశారు. అక్కడికి వెళ్లిన విదేశీ టీచర్లకు ఆదివారం పూట మామూలు రోజు టైంటేబుల్‌తో పాఠాలు చెప్పటం మొదట్లో వింతగానే ఉంటుంది. జనం విసుగును గమనించి, సెలవులకు ముందూ వెనకా వరుస పని దినాలు సాధారణంగా 6కు మించకూడదని అక్కడి ప్రభుత్వం 2024 చివర్లో కొత్త నిబంధన తెచ్చింది. ఆరోగ్యం దృష్ట్యా మనం పట్టుకోవాల్సిన విషయం ఇదే. మొత్తం ఎన్ని రోజులు పని చేశామన్నదొక్కటే కాదు, మధ్యలో విరామం లేకుండా ఎన్ని రోజులు పని చేశామన్నదీ ముఖ్యమే.

పదమూడు రోజుల పరుగు

మన బడుల్లో శనివారం ఎలాగూ పని దినమే. రెండో శనివారం ఒక్కటే కాస్త ఊరట. అదీ పోయి, మధ్యలో ఆదివారం స్పెషల్ క్లాసు కూడా పడితే సోమవారం మొదలైన పని పదమూడు రోజుల తర్వాత గానీ ఆగదు. గంటలు లెక్క వేసి చూడండి. రోజుకు 8 గంటల చొప్పున ఆరు రోజులకు 48. ఆదివారం 4 గంటలతో 52. సాయంత్రాలు గంటన్నర ట్యూషన్ చెబుతుంటే 60 దాటిపోతాయి. ఇంటికి తెచ్చుకున్న జవాబు పత్రాలు, ప్రయాణం, వంటపని ఇందులో లేవు. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవారికి 35-40 గంటలు పని చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించాయి. ఒక వారం ఎక్కువ పని చేసినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. అదే ఏడాది పొడవునా అలవాటుగా మారితేనే ప్రమాదం.

ముందు దెబ్బతినేది గొంతు

మాట్లాడేటప్పుడు స్వర తంతువులు మగవారిలో సెకనుకు సుమారు 100-130 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు కంపిస్తాయి. యాభై మంది పిల్లలకు వినిపించేలా రోజుకు ఆరేడు పీరియడ్లు చెబితే ఆ తంతువులు ఎంత రాపిడికి గురవుతాయో ఊహించుకోండి. రాత్రి విశ్రాంతితో, వారానికో రోజు మౌనంతో అవి కోలుకుంటాయి. ఆ అవకాశం ఇవ్వకపోతే వాచి గొంతు బొంగురుపోతుంది. అలాగే లాక్కొస్తే వాటి మీద చిన్న బుడిపెలు ఏర్పడొచ్చు. దీనికి తోడు ఉప్పల్-నారపల్లి దారిలో ఏళ్లుగా సాగుతున్న పైవంతెన పనుల దుమ్ములో రోజూ స్కూటీ మీద వచ్చేవారికి గొంతు మరింత పొడిబారుతుంది. కాబట్టి-

• బాటిల్ బల్ల మీదే పెట్టుకుని ప్రతి పీరియడ్‌లో రెండు మూడు గుక్కల నీళ్లు తాగండి.

• బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. రాయటం పూర్తయ్యాక పిల్లల వైపు తిరిగి చెప్పండి. అప్పుడు అరవాల్సిన పనుండదు.

• అల్లరిని ఆపటానికి గొంతు పెంచకుండా చప్పట్లో, బెల్లో వాడండి. మెడలో వేసుకునే చిన్న మైకు దొరికితే మరీ మంచిది.

• గొంతు పోయిందని గుసగుసగా మాట్లాడొద్దు. దాంతో శ్రమ తగ్గకపోగా కొందరిలో పెరుగుతుంది. మాటలు తగ్గించటమే మందు.

• మాటిమాటికీ సకిలించే బదులు ఒక గుటక వేయండి.

• సుద్దముక్క పొడి ఎగరకుండా బోర్డును తడిగుడ్డతో తుడిపించండి.

• రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలి. లేకపోతే పులితేన్పులు పైకి తన్ని గొంతును మంట పెడతాయి.

స్పెషల్ క్లాసు రోజున పాఠం తీరు కూడా మార్చొచ్చు. కొత్త పాఠం గంటసేపు చెప్పే బదులు పాత ప్రశ్నపత్రం రాయించండి, జంటలుగా ఒకరినొకరు ప్రశ్నలు అడిగించండి. పిల్లలకు మేలు, మీ గొంతుకు విశ్రాంతి.

నీళ్లు తాగితే బాత్రూం...

చాలామంది మహిళా టీచర్లు బడిలో నీళ్లే తాగరు. తాగితే మూత్రానికి వెళ్లాలి, వెళ్లటానికి వీలుండదు. వరుస పీరియడ్ల మధ్య క్లాసు వదిలి వెళ్తే ఎవరేమంటారోనని భయం, బాత్రూం శుభ్రంగా ఉండదన్న అనుమానం. ఇలా గంటల తరబడి ఆపుకోవటం, నీళ్లు తగ్గించటం మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లకు దారి తీస్తుంది. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీళ్లు చాలటం లేదని అర్థం. కనీసం ప్రతి మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్లండి. పక్క క్లాసు టీచరుతో మాట్లాడుకుని, ‘అక్కా, అయిదు నిమిషాలు నా క్లాసు చూడండి’ అనటంలో నామోషీ ఏమీ లేదు. రేపు ఆమెకూ మీరు చూస్తారు.

రోజంతా నిలబడే కాళ్లకూ కాస్త ఊరట కావాలి. నిలబడే ఉన్నప్పుడు మడమలు పైకెత్తి దించటం పదిసార్లు చేస్తే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి. పిల్లలు రాస్తున్నప్పుడు కూర్చోండి. రాత్రి కాళ్ల కింద దిండు పెట్టుకుని పావుగంట పడుకోండి. పలచటి హవాయి చెప్పులకు బదులు మడమకు మెత్తటి ఆసరా ఇచ్చేవి వాడండి.

నిద్రను తాకట్టు పెట్టొద్దు

పని పెరిగినప్పుడు మనం ముందుగా కోత పెట్టేది నిద్రకే. పెద్దవాళ్లకు రోజూ కనీసం 7 గంటల నిద్ర అవసరం. వారమంతా అయిదు గంటలే పడుకుని ఆదివారం మధ్యాహ్నం దాకా లేవకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. సోమవారం మళ్లీ నీరసమే. సెలవు రోజున గంట ఆలస్యంగా లేస్తే చాలు. మధ్యాహ్నం మూడు లోపు ఓ ఇరవై నిమిషాలు కునుకు తీయొచ్చు.

తిండి విషయంలోనూ అంతే. టిఫిన్ మానేసి, విరామంలో రెండు బిస్కెట్లు, టీతో సరిపెట్టుకుంటే మధ్యాహ్నానికి చికాకు, తలనొప్పి మొదలవుతాయి. మనకు దగ్గర్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని చెబుతోంది. డబ్బాలో అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర పెంచండి. గుప్పెడు వేయించిన శనగలో, పల్లీలో బ్యాగులో ఉంచుకోండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఆదివారం హడావుడిలో మాత్రలు మరచిపోతుంటారు. ఆదివారమైనా బడి రోజైనా మాత్రల వేళ మారకూడదు.

పిల్లలూ అలసిపోతారు

టీచరు వరుసగా పదమూడు రోజులు వస్తే పిల్లలూ అన్ని రోజులూ వస్తారు. 6-12 ఏళ్ల పిల్లలకు 9-12 గంటలు, 13-18 ఏళ్ల వారికి 8-10 గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున ట్యూషన్, రాత్రి స్టడీ అవర్ రెండూ పెడితే ఆ నిద్ర ఎక్కడిది? క్లాసులో కునికిపాట్లు పడే పిల్లాడిది ఎప్పుడూ బద్ధకమే కానక్కర్లేదు.

బడి చేయగలిగింది

హెడ్మాస్టర్లు, కరస్పాండెంట్లు కొంచెం ముందుచూపుతో ఆలోచిస్తే ఈ భారం చాలా తగ్గుతుంది. బదులు పని దినాన్ని రాత్రికి రాత్రి కాకుండా కనీసం వారం ముందు చెప్పండి. ఆదివారం అందరినీ పిలవకుండా సబ్జెక్టుల వారీగా వంతులు వేయండి. రెండో శనివారం పని చేయించిన వారంలో ఆదివారం ముట్టుకోవద్దు. ఏం చేసినా ఏడు రోజుల్లో ఒక పూర్తి రోజు ఖాళీగా ఉండాలన్నది గీత దాటని నియమం కావాలి. టీచర్లూ క్యాలెండర్ ముందు పెట్టుకుని, ఎక్కడ వరుసగా ఆరు రోజులు దాటుతున్నాయో ఎరుపు సిరాతో గీసి స్టాఫ్ మీటింగులో చూపించండి. ‘అలసిపోయాం’ అన్న మాటకన్నా ఆ గీత గట్టిగా మాట్లాడుతుంది.

డాక్టర్ను ఎప్పుడు కలవాలి?

• గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. మింగటం కష్టమైనా, కఫంలో రక్తం కనిపించినా, మెడలో గడ్డ తగిలినా అన్ని రోజులు ఆగొద్దు.

• మూత్రంలో మంటతో పాటు జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే.

• ఒక్క కాలి పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే వెంటనే.

• ఛాతీలో నొప్పి, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పటం, మూతి వంకరపోవటం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

• రెండు వారాలుగా దేని మీదా మనసు నిలవక, బడికి వెళ్లాలంటేనే దిగులు పుడుతుంటే టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రైవేటు బడిలో పని చేస్తూ మీ జీతంలోంచి ఈఎస్ఐ కోత పడుతుంటే నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి సేవలు మీకూ అందుతాయి. కార్డు ఇంట్లో బీరువాలో కాకుండా బ్యాగులో ఉంచుకోండి. వచ్చే రెండో శనివారం బడి ఉన్నా సరే, దాని తర్వాత వచ్చే ఆదివారాన్ని మాత్రం ఇప్పుడే మీ పేరున రాసిపెట్టుకోండి.